కుందేళ్ల కంచె చూపిన ఇంటిదారి

హాయ్ అండి, నమస్తే! మే 26న ఇక్కడ ఆస్ట్రేలియాలో సారీ డే, అంటే తల్లుల దగ్గర్నుంచి లాక్కుపోయిన ఆదివాసీ పిల్లలను తలుచుకునే రోజు. ఆ వారంలో పిల్లలతో కూర్చుని ‘రాబిట్ ప్రూఫ్ ఫెన్స్’ చూడండి. 2002లో వచ్చింది, గంటన్నర సినిమా. మొదటి నుంచీ కంచె మీదే ఓ కన్నేసి ఉంచండి.

పశ్చిమ ఆస్ట్రేలియాలో కుందేళ్లు పొలాల మీద పడకుండా ఆ కంచె కట్టారు. 1901లో మొదలుపెట్టి 1907లో ముగించారు. ఒకటో నంబరు కంచే 1,800 కిలోమీటర్ల పైన ఉంటుంది. పని పూర్తయ్యేలోపే కుందేళ్లు అవతలికి దాటేశాయి! సినిమా కథ మోలీ అనే ఆదివాసీ పిల్లది, నిజంగా జరిగిందే. మోలీ వాళ్ల నాన్న తెల్లాయన, ఆ కంచె పని మీదే వాళ్ల ఊరు జిగలాంగ్ వైపు వచ్చాడు. ఒంట్లో తెల్లరక్తం ఉందనే 1931లో మోలీనీ, చెల్లెలు డైసీనీ, బంధువుల పిల్ల గ్రేసీనీ తల్లుల దగ్గర్నుంచి లాక్కుపోయి మూర్ రివర్ క్యాంపులో పెట్టారు. తప్పించుకున్న మోలీకి దారి చూపించింది మళ్లీ ఆ కంచే. సుమారు 1,600 కిలోమీటర్లు, తొమ్మిది వారాల నడక. గ్రేసీ మాత్రం మధ్యలో దొరికిపోయింది.

వీళ్లను పట్టుకెళ్లమన్న అధికారి నెవిల్. ఆయన హోదా పేరు చీఫ్ ప్రొటెక్టర్, అంటే రక్షకుడు! 1905 చట్టం ప్రకారం 16 ఏళ్లలోపు ఆదివాసీ పిల్లలకు గార్డియన్ ఆయనే, కన్నతల్లి కాదు. కెన్నెత్ బ్రానా ఆ పాత్రలో ఎక్కడా అరవడు, నెమ్మదిగా ఫైళ్లు చూసుకుంటాడు. చేస్తున్నది మేలే అని ఆ మనిషి నిజంగా నమ్ముతున్నాడు, నాకు భయం వేసేది అక్కడే. ఒకామె కొత్త బూట్లు కొనుక్కోవడానికి కూడా ఆయన అనుమతి కావాలి. ఆ సీన్ చిన్నది, మిస్ అవ్వకండి.

పారిపోయిన వాళ్ల జాడలు పట్టే ఆదివాసీ మూడూను చూసి పిల్లలు విలన్ అనుకుంటారు. అక్కడ పాజ్ చేసి చెప్పండి: అతని కూతురూ అదే క్యాంపులో ఉంది. ఆ పాత్ర వేసిన డేవిడ్ గుల్పిలిల్‌కు డైలాగులు దాదాపు లేవు. కళ్లు చూస్తే చాలు.

పిల్లలు ఇల్లు చేరగానే టీవీ కట్టేయకండి, దయచేసి. తెర మీద నిజమైన మోలీ, డైసీ ముసలివాళ్లై నడుస్తూ కనిపిస్తారు. తర్వాత వచ్చే అక్షరాలు చదివి వినిపించండి. పెద్దయ్యాక మోలీని ఇద్దరు కూతుళ్లతో సహా మళ్లీ అదే క్యాంపుకు తీసుకెళ్లారు. చిన్నది ఆనబెల్‌ను ఎత్తుకుని ఆవిడ మళ్లీ అంత దూరమూ నడిచింది. ఆ బిడ్డనూ తర్వాత తీసుకుపోయారు. క్యాంపులోనే మిగిలిపోయిన పెద్దకూతురు డోరిస్ పెద్దయ్యాక అమ్మ నడక మీద ఒక పుస్తకం రాసింది. ఈ సినిమా ఆ పుస్తకమే.