గ్యాస్ బండలో మూడు స్థితులు

పిల్లలకూ, వాళ్లతో వచ్చిన పెద్దలకూ నమస్కారం.

ఘనపదార్థానికి ఆకారం, ఘనపరిమాణం రెండూ ఉంటాయి. ద్రవానికి ఘనపరిమాణం ఉంటుంది గానీ సొంత ఆకారం ఉండదు. వాయువుకు ఆ రెండూ ఉండవు. ఈ మూడు వాక్యాలూ మీకు నోటికి వచ్చు. పరీక్ష అయ్యాక వీటిని మర్చిపోతుంటారని నాకు బాధ. అందుకే ఈ రోజు వీటిని మీ వంటింట్లో, గ్యాస్ బండ దగ్గర చూపిస్తాను.

బండ ఉక్కుతో చేసింది. నిలబెట్టినా, పడుకోబెట్టినా దాని రూపం మారదు. ఉక్కులోని కణాలు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని, ఉన్న చోటే కంపిస్తుంటాయి. ఘనపదార్థం గురించి ఇంతవరకు చాలు.

మనం గ్యాస్ అంటాం గానీ నిండు బండలో ఎక్కువగా ఉండేది ద్రవమే. కాస్త కదిపితే తొణికిన చప్పుడు వినిపిస్తుంది. ప్రొపేన్, బ్యూటేన్ అనే వాయువులను ఒత్తిడితో ద్రవంగా మార్చి నింపుతారు. ఇళ్లకు వచ్చే బండలో 14.2 కిలోలు ఉంటుంది. ద్రవంగా ఉన్నప్పుడు అది సుమారు 26 లీటర్లు. బయటికొచ్చి వాయువుగా మారితే దాదాపు 250 రెట్లు పెరుగుతుంది, అంటే ఆరు వేల లీటర్లు దాటుతుంది! బరువు మాత్రం అదే 14.2 కిలోలు. కణాలు పెద్దవి కాలేదు, వాటి సంఖ్యా పెరగలేదు. వాటి మధ్య దూరం పెరిగింది, అంతే.

ఈ తేడా చేతికి తెలియాలంటే సూది తీసేసిన సిరంజి చాలు. ముందు గాలి పీల్చి, మూతిని వేలితో మూసి నొక్కండి. చాలా దూరం లోపలికి పోతుంది. తర్వాత నీళ్లు నింపి నొక్కండి. ఎంత బలం పెట్టినా కదలదు. ద్రవంలో కణాలు ఇప్పటికే దగ్గర దగ్గరగా ఉన్నాయి, ఇంకా నొక్కడానికి చోటు లేదు.

దీన్ని బండకు వర్తింపజేయండి. దాని లోపల సుమారు 33 లీటర్లు పట్టే చోటుంది, ద్రవం నింపేది 26 లీటర్లే. పైన ఖాళీ వదిలారంటే తక్కువ నింపి మోసం చేశారని కాదు. ఎండకు ద్రవం వ్యాకోచిస్తుంది. ఖాళీ లేకపోతే, సిరంజిలో నీళ్లలాగే అది నొక్కుకుపోదు, ఉక్కునే నెడుతుంది. పైన వాయువు ఉంటే ద్రవం పెరగడానికి చోటు ఇస్తుంది. ఆ ఖాళీ మన ప్రాణాలకు రక్షణ. మోసం జరిగిందేమో అనే అనుమానం ఉంటే బరువు తూయించుకోండి, ఆ హక్కు మీకుంది.

లోపల ద్రవం ఎంత మిగిలిందో చూడాలంటే, కాసేపు వంట చేశాక బండను తడిగుడ్డతో తుడవండి. పైభాగం ముందు ఆరుతుంది. ద్రవం తగిలే చోట ఉక్కు చల్లగా ఉండి తడి ఇంకాసేపు నిలుస్తుంది. ఆ రెండింటి మధ్య గీతే ద్రవ మట్టం.

ఇక లీకు సంగతి. వాయువుకు సొంత హద్దు లేదు కాబట్టి అది పొయ్యి దగ్గరే ఆగదు, గదంతా వ్యాపిస్తుంది. అయితే ఈ గ్యాస్ గాలికన్నా బరువైనది, అందుకే ముందు నేల మీద, మూలల్లో చేరుతుంది. దీనికి సహజంగా వాసన ఉండదు, మనం పసిగట్టాలనే ఘాటైన వాసన కలుపుతారు. అది వస్తే మంట, స్విచ్‌ల జోలికి పోకండి. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు, కిటికీలు బార్లా తీయండి. ఇంట్లో వాళ్లందరినీ బయటికి తీసుకెళ్లి, అక్కడి నుంచి గ్యాస్ లీకులకు ఉన్న అత్యవసర నంబరు 1906కి ఫోన్ చేయండి.