"ఏం తగులుతోంది?": కొత్త పశువైద్యులకు పల్లెలో పని నేర్పడం

[దృశ్యం: తెల్లవారుజాము. పశువుల పాక, టార్చి వెలుగు. భుజం దాకా గ్లవ్ తొడుక్కున్న యువ డాక్టరు.]

వ్యాఖ్యానం: ఆవుకి నొప్పులు మొదలై చాలాసేపైంది. ఉమ్మనీరు పోయింది, రెండు గిట్టలు కనిపిస్తున్నాయి, దూడ మాత్రం కదలడం లేదు. ఈ డాక్టరమ్మ ఉద్యోగంలో చేరి మూడు నెలలు. చెయ్యి లోపల పెట్టి, కళ్లు మూసుకుని తడుముతోంది. వెనక నిలబడ్డ సీనియర్ డాక్టరు అడుగుతున్నది ఒక్కటే: "ఏం తగులుతోంది?"

కట్టు కట్టడమైతే గురువు చేసి చూపించొచ్చు. ఇక్కడ చూపించడానికేముంది? లోపల పట్టేది ఒక్కరి చెయ్యి. అందుకే పాఠమంతా మాటల మీదే నడవాలి.

[గ్రాఫిక్: దూడ ముంగాలు, వెనక్కాలు, కీళ్లు వంగే తీరు.]

"కాళ్లు సార్."
"ముందువా, వెనకవా?"

గిట్ట దగ్గర మొదలుపెట్టి పైకి తడుముతూ పోవాలి. మొదటి రెండు కీళ్లూ ఒకే వైపు వంగితే ముంగాలు. ఎదురెదురుగా వంగితే వెనక్కాలు.

"ముందువే సార్. తల అందట్లేదు."
"మెడ పట్టుకుని వెళ్లమ్మా, దొరుకుతుంది."

తల డొక్క వైపు తిరిగిపోయి ఉంది. కొత్తవాళ్లు పొరబడేది ఇక్కడే. అందిన కాళ్లు పట్టుకుని లాగేస్తారు. లాగినకొద్దీ తల ఇంకా ఇరుక్కుంటుంది. ముందు దూడని వెనక్కి నెట్టాలి, అదీ నొప్పికీ నొప్పికీ మధ్య. కాస్త చోటు దొరికాక మూతిని అరచేతిలో ఇముడ్చుకుని తిప్పాలి. లేకపోతే దూడ పళ్లు గర్భసంచిని చీల్చేస్తాయి.

[దృశ్యం: సీనియర్ డాక్టరు చేతులు. వెనక్కి కట్టుకుని ఉన్నాయి.]

ఆ చేతులు చూడండి. "జరుగు, నేను చూస్తా" అనడం ఆయనకి ఎంతసేపు? కానీ ఆ మాట రైతు చెవిన పడితే మరుసటి సారి "పెద్ద డాక్టరునే పంపండి" అంటాడు. అలాగని ఆవు ప్రాణం మీదికి తెచ్చుకోకూడదు కదా. అందుకే బండిలోనే ఒప్పందం అయిపోయింది: పదిహేను నిమిషాల్లో తల తిరగకపోతే చెయ్యి మారుద్దాం, అవసరమైతే ఆపరేషన్. ముందే అనుకున్నది కాబట్టి అవమానం అనిపించదు.

[గ్రాఫిక్: 2012]

పట్టా పుచ్చుకున్న మొదటి రోజుకి పశువైద్యుడికి ఏమేం వచ్చి ఉండాలో ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ 2012లో ఒక జాబితా ఇచ్చింది. రైతుతో మాట్లాడే నేర్పు కూడా అందులో ఉంది. మంచి జాబితానే. రెండో రోజు అర్ధరాత్రి సంగతి మాత్రం పక్కనున్నవాళ్లే చూసుకోవాలి.

[దృశ్యం: రాత్రి. మెడ ఒక పక్కకి తిప్పుకుని కూలబడ్డ ఆవు. డాక్టరమ్మ ఒక్కతే.]

ఈని ఒక రోజైంది. చెవులు చల్లబడ్డాయి. పాలజ్వరం. పేరుకే జ్వరం, ఒళ్లు కాలదు. రక్తంలో కాల్షియం పడిపోవడం. మందు నరంలోకి ఎక్కించాలి, నెమ్మదిగా, గుండె వింటూ. తొందరపడితే ఆ మందే గుండెని ఆపేస్తుంది. ఇదంతా ఆమె చదివిందే. "త్వరగా ఎక్కించండి డాక్టరుగారూ, పోయేలా ఉంది" అని రైతు నెత్తిన నిలబడ్డప్పుడు చెయ్యి వణక్కుండా ఉండడం పుస్తకంలో లేదు. సీనియర్‌కి ఫోన్ చేసింది. "ఇది కూడా తెలీదా" అని ఉంటే మళ్లీ ఆ నంబరు నొక్కదు. ఆయన అన్నది: "స్టెతస్కోపు పెట్టావా? ఎలా కొట్టుకుంటోందో చెప్తూ ఉండు, వింటున్నా."

[దృశ్యం: మళ్లీ మొదటి పాక. తెల్లారుతోంది.]

తల తిరిగింది. కాళ్లకి తాళ్లు పడ్డాయి. ఆవు ముక్కినప్పుడే లాగుతున్నారు, ఈ కాలు కాస్త, ఆ కాలు కాస్త, భుజాలు ఒకదాని వెనక ఒకటి వచ్చేలా. దూడ నేల మీద పడింది. ముక్కు తుడవగానే తుమ్మింది. డాక్టరమ్మ గ్లవ్ తియ్యబోతోంది.

"ఆగమ్మా. మళ్లీ చెయ్యి పెట్టి చూడు. లోపల ఎక్కడైనా చిరిగిందేమో, ఇంకేమైనా ఉందేమో."

చెయ్యి లోపలికి వెళ్లింది. ఈసారి ఆయన అడగలేదు.

"ఇంకోటుంది సార్. వెనక్కాళ్లు."