కెనడా ఆదివాసీ పిల్లల కాలేజీ చదువు: డబ్బు ఉంది, చేరే దారేది?

నమస్తే. కెనడా చదువుల మీద మనం చేసుకునే మాటలన్నీ వీసా, ఫీజు, పార్ట్‌టైమ్ ఉద్యోగం చుట్టూనే తిరుగుతాయి. ఆ నేల మీద అందరికంటే ముందు నుంచి ఉన్నవాళ్ల పిల్లలు కాలేజీ ఫీజు ఎలా కట్టుకుంటున్నారో మనం ఎప్పుడూ అడగం. ఈ రోజు వీడియో వాళ్ల గురించే. ఆ డబ్బు వెతుక్కోవడంలో టెక్నాలజీ ఎంతవరకు అక్కరకొస్తోంది, ఎక్కడ చేతులెత్తేస్తోంది, చూద్దాం.

ముందు ఒక అపోహ తీసేద్దాం. "వాళ్లకు చదువంతా ఫ్రీ కదా" అనే మాట కెనడాలో బాగా వినిపిస్తుంది. అది నిజం కాదు.

2021 జనాభా లెక్కల ప్రకారం అక్కడ ఆదివాసీలు సుమారు 18 లక్షల మంది, అంటే దేశ జనాభాలో 5 శాతం. వాళ్లలో ఫస్ట్ నేషన్స్, ఇన్యూట్ (ఉత్తర ధ్రువ ప్రాంతం వాళ్లు), మెటీ (ఆదివాసీ, యూరోపియన్ మిశ్రమ వంశం వాళ్లు) అని మూడు సమూహాలు. ఫస్ట్ నేషన్స్ విద్యార్థుల కోసం కేంద్ర ప్రభుత్వం ఒక ఉన్నత విద్యా సహాయ పథకం నడుపుతోంది. ఆ డబ్బు విద్యార్థి ఖాతాలోకి నేరుగా రాదు. బ్యాండ్ అని పిలిచే స్థానిక పాలక మండలికి వెళ్తుంది. ఈ ఏడాది ఎవరికి ఇవ్వాలో వాళ్లే తేల్చుకోవాలి. వచ్చింది అందరికీ సరిపోకపోతే మిగిలినవాళ్లు వెయిటింగ్ లిస్ట్‌లో ఉంటారు. 1996 నుంచి దాదాపు 20 ఏళ్ల పాటు ఈ నిధులు ఏటా 2 శాతానికి మించి పెరగకుండా పరిమితి పెట్టారు. అదే కాలంలో ఫీజులు పెరిగాయి, కాలేజీ వయసు పిల్లలూ పెరిగారు. ఆదివాసీ పిల్లల్ని ఇళ్లకు దూరం చేసిన రెసిడెన్షియల్ స్కూళ్ల చరిత్రను విచారించిన ట్రూత్ అండ్ రికన్సిలియేషన్ కమిషన్ 2015లో ప్రభుత్వం ముందు పెట్టిన 94 డిమాండ్లలో 11వది ఇదే: ఎదురుచూస్తున్న ఫస్ట్ నేషన్స్ విద్యార్థుల వరుస తీరిపోయేలా సరిపడా నిధులివ్వండి అని.

ఇక స్టేటస్ లేనివాళ్లకు, అంటే ప్రభుత్వ రిజిస్టర్‌లో పేరు లేనివాళ్లకు, ఈ పథకం అసలు వర్తించదు. మెటీలకూ అంతే. మెటీలకు, ఇన్యూట్‌లకు విడిగా నిధులు 2019 బడ్జెట్‌తో గానీ రాలేదు.

ఈ ఖాళీని పూడ్చేవి బర్సరీలు (అవసరం చూసి ఇచ్చే ఆర్థిక సాయం), స్కాలర్‌షిప్‌లు. యూనివర్సిటీలు ఇస్తాయి, బ్యాంకులు ఇస్తాయి, గనుల కంపెనీలు, స్వచ్ఛంద సంస్థలు ఇస్తాయి. అన్నీ కలిపితే వందల్లో ఉంటాయి. అయితే ఒక్కోదానికి ఒక్కో షరతు. ఒకటి నర్సింగ్ వాళ్లకే, ఒకటి ఫలానా ప్రావిన్స్ వాళ్లకే, ఇంకోటి రెండో ఏడాదికి వచ్చాకే. వీటన్నిటినీ ఒక చోట వెతుక్కోవడానికి కేంద్ర ప్రభుత్వమే ఆన్‌లైన్‌లో ఒక సెర్చ్ టూల్ పెట్టింది. మంచి పని. ఒకప్పుడు కాలేజీ నోటీసు బోర్డు దాకా వెళ్తే గానీ తెలియనివి ఇప్పుడు ఫోన్‌లో కనిపిస్తాయి.

కానీ అసలు శ్రమ వెతకడంతో అయిపోదు. ఆ తర్వాతే మొదలవుతుంది. ఉత్తర ఒంటారియోలో, చలికాలంలో గడ్డకట్టిన మంచు మీద తప్ప రోడ్డు ఉండని ఒక ఊళ్లో గ్రేడ్ 12 చదివే అమ్మాయిని ఊహించుకోండి. తనకు సరిపోయేవి పది బర్సరీలు దొరికాయి అనుకుందాం. పది ఫారాలు. ప్రతి దాంట్లో స్టేటస్ కార్డ్ మీది పది అంకెల నంబర్ కొట్టాలి, మార్కుల ట్రాన్స్‌క్రిప్ట్ స్కాన్ చేసి ఎక్కించాలి, రిఫరెన్స్ లెటర్ తేవాలి, "మీ సమాజానికి మీరేం చేశారు" అని వ్యాసం రాయాలి. ఆ వ్యాసం సగంలో ఉండగా నెట్ పోతుంది. పేజీ మళ్లీ తెరిస్తే పెట్టె ఖాళీ. ఆ పిల్ల మూడో ఫారం దగ్గరే ఆపేస్తే ఆశ్చర్యం ఏముంది? దాన్ని బద్ధకం అనే హక్కు ఎవరికీ లేదు.

అందుకే ఇండ్‌స్పైర్ అనే సంస్థ పద్ధతి నాకు నచ్చుతుంది. 1985లో జాన్ కిమ్ బెల్ అనే మోహాక్ తెగ ఆర్కెస్ట్రా కండక్టర్ మొదలుపెట్టిన సంస్థ అది. అక్కడ విద్యార్థి ఒక్క దరఖాస్తు పెడితే చాలు, అర్హత ఉన్న అవార్డులన్నిటికీ వాళ్లే దాన్ని సరిపోల్చి చూస్తారు. మెషీన్ చేయాల్సిన పని మెషీన్‌కు ఇవ్వడం అంటే ఇదీ.

మరి నెట్? ప్రతి ఇంటికీ 50 ఎంబీపీఎస్ డౌన్‌లోడ్, 10 అప్‌లోడ్ వేగం ఉండాలని కెనడా టెలికాం నియంత్రణ సంస్థ 2016లోనే లక్ష్యం పెట్టింది. చాలా రిజర్వులు, అంటే ఫస్ట్ నేషన్స్ వాళ్లకు కేటాయించిన భూముల్లోని ఊళ్లు, ఇంకా అక్కడికి చేరలేదు. అయితే ఎవరో వచ్చి ఇస్తారని వాళ్లు చేతులు కట్టుకుని కూర్చోలేదు. ఉత్తర ఒంటారియోలోని సూ లుకౌట్ ప్రాంతంలో ఫస్ట్ నేషన్స్ వాళ్లే 1994లో ఒక చిన్న కంప్యూటర్ బులెటిన్ బోర్డుతో కె-నెట్ మొదలుపెట్టారు. అదే ఆ ఊళ్లను కలిపే సొంత నెట్‌వర్క్‌గా ఎదిగింది. 2000లో దాని మీదే ఇంటర్నెట్ హైస్కూల్ కూడా పెట్టారు, పిల్లలు హైస్కూల్ కోసం ఊరు వదిలి పోనక్కర్లేకుండా. నాకు ఈ మొత్తం కథలో ఎక్కువ ధైర్యం ఇచ్చేది ఇదే.

ఇప్పుడు అందరూ అడిగేది ఏఐ గురించి. షరతుల పేజీని తేలిక మాటల్లో చెప్పించుకోవడానికి, గడువుల జాబితా వేయించుకోవడానికి బాగా పనికొస్తుంది. కానీ లేని స్కాలర్‌షిప్‌ను ఉన్నట్టే నమ్మకంగా చెప్పడం కూడా దానికి అలవాటు. అది చెప్పిన ప్రతి పేరునూ ఇచ్చే సంస్థ సైట్‌లో చూసుకున్నాకే ఫారం ముట్టుకోవాలి. ముందుగా ఫీజు కట్టమంటే మాత్రం అక్కడే ఆగిపోవాలి.

ఇంకో సంగతి కూడా ఉంది. ఈ టూల్స్‌కు విద్యార్థి తన వంశం, బ్యాండ్, ఇంటి ఆదాయం అన్నీ చెప్పాలి. 1876 నాటి ఇండియన్ యాక్ట్‌లో, యూనివర్సిటీ డిగ్రీ తెచ్చుకున్న ఆదివాసీ తన చట్టబద్ధమైన హోదాను పోగొట్టుకునేలా నిబంధన ఉండేది. చదివినందుకు అది శిక్ష! అలాంటి చరిత్ర ఉన్నవాళ్లు ప్రభుత్వ ఫారాన్ని అనుమానంగా చూడరా? 1998లో ఫస్ట్ నేషన్స్ వాళ్లు ఓక్యాప్ అనే సూత్రాలు రాసుకున్నారు. మా సమాచారానికి యజమానులం మేమే, దాని మీద అదుపు మాదే, ఎప్పుడు కావాలన్నా మాకు అందాలి, మా దగ్గరే ఉండాలి. స్కాలర్‌షిప్ యాప్ చేసేవాళ్లు మొదటి గీత గీయకముందే ఇది చదవాలి. బ్యాండ్ ఆఫీసులో చదువుల వ్యవహారం చూసే మనిషిని కూడా పక్కన కూర్చోబెట్టుకోవాలి. ఏ పిల్ల ఏ ఫారం దగ్గర ఆగిపోయిందో ఆ మనిషికి తెలిసినంత ఏ డేటాబేస్‌కూ తెలియదు.

కెనడాలో కాలేజీ ఆఫీసుల్లో, వాటికి సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీల్లో మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. మీలో ఎవరైనా ఈ వీడియో చూస్తుంటే ఒక పని చేయండి. మీ బర్సరీ ఫారాన్ని ఒక పాత ఫోన్‌లో తెరవండి. వ్యాసం సగం రాశాక నెట్ ఆపేయండి, పది నిమిషాల తర్వాత మళ్లీ పెట్టండి. రాసింది మిగిలిందో లేదో కింద కామెంట్లలో చెప్పండి.