ఒకే పేరు, రెండు లెక్కలు

అందరికీ నమస్కారం.

ఒక దేశంలో అణు విద్యుత్ కేంద్రాలు ఏడాదికి 100 టెరావాట్ అవర్ల కరెంటు ఇచ్చాయనుకుందాం. జలవిద్యుత్ కేంద్రాలూ సరిగ్గా అంతే ఇచ్చాయి. ఆ దేశపు 'ప్రాథమిక శక్తి'లో, అంటే కరెంటు లాంటి రూపాల్లోకి మార్చకముందు ఉన్న శక్తిలో, వీటి లెక్క ఎంత? అంతర్జాతీయ ఇంధన సంస్థ పద్ధతిలో అణుశక్తికి దాదాపు 303, జలశక్తికి 100. రియాక్టర్‌లో పుట్టిన వేడి దగ్గర లెక్క మొదలుపెట్టి, అందులో 33 శాతమే కరెంటుగా మారుతుందని వాళ్లు తీసుకుంటారు. వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందమైన ఐపీసీసీ నివేదికల్లో కనిపించే ప్రత్యక్ష సమాన పద్ధతిలో, వచ్చిన కరెంటునే లెక్కలోకి తీసుకుంటారు కాబట్టి, రెండింటికీ 100 చొప్పునే. ఇందులో ఎవరిదీ తప్పు కాదు. కానీ రెండు పద్ధతుల డేటా ఫైళ్లలోనూ ఆ కాలమ్ పేరు ఒక్కటే!

నేను ఇలాంటి గోతిలో పడ్డాను. సౌర విద్యుత్ సామర్థ్యం మీద రెండు చోట్ల నుంచి తెచ్చిన డేటాను కలిపాను. మొత్తం ఎంతకీ పొసగలేదు. వారం రోజులు నా ప్రోగ్రాంలోనే తప్పు వెతికాను. తీరా చూస్తే ఒకరు ప్యానెళ్ల డీసీ సామర్థ్యం రాశారు, మరొకరు ఇన్వర్టర్ దాటాక వచ్చే ఏసీ సామర్థ్యం రాశారు. ఇద్దరూ పెట్టిన పేరు 'స్థాపిత సామర్థ్యం'. యూనిట్లు మెగావాట్లే కాబట్టి ఏ కంప్యూటరూ అనుమానించలేదు. సహజవాయువు మండితే వచ్చే వేడి లెక్కలోనూ ఇదే తంటా. పొగలోని నీటి ఆవిరి చల్లబడి ఇచ్చే వేడిని కూడా కలిపితే ఒక విలువ, వదిలేస్తే ఇంకో విలువ. తేడా సుమారు 10 శాతం.

'అందరం ఒకే పదం వాడదాం' అన్నది మనకు వెంటనే తట్టే పరిష్కారం. నాకు దాని మీద పెద్దగా నమ్మకం లేదు. వాతావరణ సినారియోలు, అంటే భవిష్యత్తు ఎలా ఉండొచ్చో చూపే అంచనాలు, తయారుచేసేవాళ్లు చాలాకాలంగా ఒక ఉమ్మడి పట్టిక వాడుతున్నారు. అందులోని కాలమ్‌లు మోడల్, సినారియో, ప్రాంతం, చలరాశి (అంటే లెక్కించే అంశం), యూనిట్, ఆ తర్వాత సంవత్సరాలు. చలరాశి పేర్లు 'ప్రైమరీ ఎనర్జీ', నిలువు గీత, 'కోల్' అన్నట్టు ఉంటాయి. అది చేసిన మేలు చిన్నది కాదు, వందల సినారియోలను పక్కపక్కన పెట్టగలిగాం. అయినా పేరు ఎంత పద్ధతిగా ఉన్నా, దాని వెనకున్న లెక్క ఏమిటో పేరే చెప్పలేదు.

ఆంటాలజీ అనేది ఇక్కడే పనికొస్తుంది. మాట బరువుగా ఉంది గానీ విషయం తేలికే. ప్రతి భావనకూ ఒక నిర్వచనం, ఒక గుర్తింపు సంఖ్య, మిగతా భావనలతో దానికున్న సంబంధం రాసిపెడతారు. 'స్థాపిత సామర్థ్యం' కింద డీసీది ఒకటి, ఏసీది ఇంకొకటి. ఎవరి పద్ధతినీ మానుకోమనడం లేదు, ఏది వాడారో చెప్పమంటుంది, అంతే. శక్తి వ్యవస్థల పరిశోధకులు ఉమ్మడిగా, బహిరంగంగా తయారుచేస్తున్న ఓపెన్ ఎనర్జీ ఆంటాలజీ ఈ దారిలోదే. 2021లో వాళ్లు దాని మీద పరిశోధనా పత్రం ప్రచురించారు. దానికి పునాది, ఏ రంగానికైనా పనికొచ్చే మూల భావనలున్న బేసిక్ ఫార్మల్ ఆంటాలజీ. ఈ పునాదిలో వస్తువు వేరు, అది పోషించే పాత్ర వేరు. హైడ్రోజన్‌నే చూడండి. మండిస్తే ఇంధనం, అమ్మోనియా తయారీకి పంపితే ముడిసరుకు. హైడ్రోజన్‌ను ఇంధనాల జాబితాలో శాశ్వతంగా బిగించేస్తే, రెండో సందర్భంలో లెక్క తప్పుతుంది.

ఈ పనిలో విసుగు లేకపోలేదు. ఒక్క నిర్వచనం మీద గంటలు గంటలు వాదులాట నడుస్తుంది. బయటినుంచి చూసేవాళ్లకు వ్యాకరణ పండితుల తగవులా ఉంటుంది. ఆ వాదనలోనే 'ఓహో, మీరు అనేది అదా' అనే క్షణం వస్తుంది. నా మటుకు నాకు, తయారైన ఫైలు కంటే ఆ క్షణమే విలువైనది.

గుర్తింపు సంఖ్యలో అర్థం ఉండకూడదన్నది మరో నియమం. మొదట్లో నాకిది వింతగా తోచింది. చదవగలిగే పేరు పెట్టుకోవచ్చు కదా అనిపించింది. కానీ పేర్లు మారుతుంటాయి. రేపు మనం 'స్థాపిత సామర్థ్యం' అనడం మానేసి ఇంకేదో అన్నా, సంఖ్య మారదు. నిర్వచనమే తప్పని తేలితే పాత సంఖ్యను చెరిపేయరు, 'వాడుకలో లేదు' అని గుర్తు పెట్టి, దాని బదులు వాడాల్సినదాన్ని చూపిస్తారు. పదేళ్ల కిందటి ఫైలు తెరిచినవాళ్లకు, రాసినవాళ్లు ఆనాడు ఏ అర్థంలో రాశారో అప్పుడూ దొరుకుతుంది.