కుక్కకి కుషింగ్స్: మాత్రలా, మూలికలా? (ఫోన్-ఇన్ కార్యక్రమం)

యాంకర్: నమస్కారం. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, ఇటు ఇచ్ఛాపురం, పాతపట్నం నుంచి వింటున్న అందరికీ స్వాగతం. ఇవాళ పెంపుడు కుక్కల్లో వచ్చే కుషింగ్స్ జబ్బు గురించి మాట్లాడుకుందాం. పశువైద్యులు డాక్టర్ గారు మనతో ఉన్నారు. డాక్టర్ గారూ, అదేంటో రెండు మాటల్లో చెప్పేస్తే కాల్స్‌లోకి వెళ్ళిపోదాం.

డాక్టర్: రెండు మాటల్లో తేలదండీ, నాలుగు చెప్తాను. కిడ్నీల దగ్గర అడ్రినల్ అని చిన్న గ్రంథులుంటాయి, కార్టిసాల్ అనే హార్మోన్ అవే తయారుచేస్తాయి. ఎంత చెయ్యాలో మెదడు కిందున్న పిట్యూటరీ చెప్తుంది. పిట్యూటరీ మేస్త్రీ, అడ్రినల్ కూలీలు అనుకోండి. దానంతటదే ఈ జబ్బు వచ్చిన కుక్కల్లో 100కి 80, 85 వాటిల్లో ఆ మేస్త్రీలో చిన్న గడ్డ లేస్తుంది, ఇక అక్కర ఉన్నా లేకపోయినా పని చెయ్యండి, పని చెయ్యండి అని అరుస్తూనే ఉంటాడు. మిగతావాటిల్లో గడ్డ అడ్రినల్‌లోనే ఉంటుంది. మూడో రకం మన చేతులారా తెచ్చేది, నెలల తరబడి స్టెరాయిడ్, అంటే కార్టిసాల్ లాంటి మందు, వాడటం వల్ల. మనుషుల్లో దీన్ని 1932లో వివరించిన హార్వీ కుషింగ్ అనే అమెరికా సర్జన్ పేరే దీనికి పెట్టారు. ఏ రకమో తేలకుండా మందు మొదలుపెట్టకండి. ఈ మాట ఇవాళ పదిసార్లు చెప్తాను, విసుక్కోకండి.

యాంకర్: మొదటి కాల్ బరంపురం నుంచి. చెప్పండి సార్.

కాలర్ (బరంపురం): నమస్తే డాక్టర్ గారూ. మాది లాబ్రడార్, మగది, 9 ఏళ్ళు, 32 కేజీలు. నీళ్ళు విపరీతంగా తాగుతున్నాడు. రాత్రి మూడుసార్లు తలుపు గీకుతాడు, ఒకోసారి హాల్లోనే పోసేస్తున్నాడు. అందుకని సాయంత్రం ఆరు తర్వాత నీళ్ళ గిన్నె తీసేస్తున్నాం. ఇది కుషింగ్సేనా?

డాక్టర్: ముందు ఆ గిన్నె తిరిగి పెట్టండి. వాడు నీళ్ళు ఎక్కువ తాగి పోస్తున్నాడని మీరనుకుంటున్నారు, కానీ ఈ జబ్బులో ఒంట్లో నీరు ఆగక పోతుంది, అది పోతోంది కాబట్టి తాగుతున్నాడు. గిన్నె తీసేస్తే ఒళ్ళు ఎండిపోతుంది. దయచేసి ఎవరూ నీళ్ళు కట్టెయ్యకండి. రెండోది, కొలవండి. మామూలు కుక్క కేజీకి 50, 60 మిల్లీలీటర్లు తాగుతుంది, 100 దాటితే జబ్బు కిందే లెక్క. మీవాడి బరువుకి మూడు లీటర్లు దాటిందంటే తీసుకెళ్ళాల్సిందే. కానీ షుగరు, కిడ్నీ జబ్బు వచ్చినా ఇలాగే తాగుతాయి. ఆడకుక్కల్లో ఎదకి వచ్చి వెళ్ళాక గర్భసంచిలో చీము పడితే కూడా అంతే, అదైతే ఒక్కరోజు కూడా ఆగకూడదు. రక్తం, మూత్రం పరీక్ష ముందు చేయించండి.

యాంకర్: థాంక్యూ సార్. పర్లాకిమిడి నుంచి అమ్మ గారు. చెప్పండమ్మా.

కాలర్ (పర్లాకిమిడి): బాబూ, నమస్కారం బాబూ. మాది తెల్ల స్పిట్జ్, పింకీ అంటాం, 11 ఏళ్ళు. మా చిన్నోడు ఇంజనీరింగ్‌కి వెళ్ళిపోయినప్పటి నుంచి ఇంట్లో నాకు తోడు అదే. పోయిన చలికాలం మొదలైంది. బొజ్జ ఇలా కిందికి వేలాడిపోయింది, మంచం ఎక్కలేకపోయేది. నడుం దగ్గర రెండు పక్కలా జుట్టు ఊడిపోయి నున్నగా అయిపోయింది. పొట్ట మీద తోలు ఎంత పల్చగా అంటే లోపల నీలం నరాలు కనపడేవి, మా ఆయన మందార రేకులా ఉందే అన్నాడు...

డాక్టర్: ఎగశ్వాస ఉండేదా అమ్మా? ఊరికే కూర్చున్నా నాలుక బయటపెట్టి రొప్పడం?

కాలర్ (పర్లాకిమిడి): ఉండేది బాబూ, చలిలో కూడా! ఫ్యాన్ వెయ్యమన్నట్టు నా వైపు చూసేది. ఆకలి సరేసరి, నేను ములక్కాడ నమిలి పడేసిన పిప్పి కూడా తినేసేది. ఒక డాక్టరు దగ్గరకి తీసుకెళ్తే పొద్దుట్నించి సాయంత్రం దాకా అక్కడే ఉంచారు, ఏదో సూది వేసి మూడుసార్లు రక్తం తీశారు. మెదడు దగ్గర గడ్డే అన్నారు. ట్రైలోస్టేన్ అని క్యాప్సూల్ రాశారు. ఏడు వారాలైంది. నీళ్ళు తాగడం తగ్గింది, రాత్రి పడుకుంటోంది. జుట్టు మాత్రం రాలేదు.

డాక్టర్: జుట్టుకి నెలలు పడుతుందమ్మా, నీళ్ళు తగ్గితే, కార్టిసాల్ తగ్గించే ఆ మందు పని చేస్తున్నట్టే. వినేవాళ్ళ కోసం ఆ పరీక్ష గురించి చెప్తాను. వేసిన సూది డెక్సామెథసోన్, అది కూడా స్టెరాయిడే, చాలా చిన్న డోసు. ఆరోగ్యంగా ఉన్న కుక్కలో అది పడగానే మేస్త్రీ నోరు మూసుకుంటాడు, కార్టిసాల్ పడిపోతుంది. జబ్బు కుక్కలో పడిపోదు, పడినా ఎనిమిది గంటలకల్లా మళ్ళీ లేస్తుంది. అందుకే సూదికి ముందు, నాలుగో గంటకి, ఎనిమిదో గంటకి రక్తం తీస్తారు. సరే, మీ ప్రశ్న?

కాలర్ (పర్లాకిమిడి): ప్రశ్న ఏటంటే బాబూ, పది రోజుల్నించి మళ్ళీ నీళ్ళు ఎక్కువైంది. పెద్ద ఇత్తడి గిన్నె పొద్దున్న నింపితే మధ్యాహ్నానికి ఖాళీ. మా అక్క అల్లుడు, ఆ ఇంగ్లీషు మందు ఒంటికి అలవాటైపోయి పని చెయ్యడం మానేసింది, లివరు పాడవుతుంది, మానేసి మూలికల పొడి వెయ్యండి అంటున్నాడు. అంతా ప్రకృతిదే, ఏ నష్టం లేదంట. మానెయ్యమంటారా?

డాక్టర్: మానెయ్యొద్దు. ఆ పొడి ఇంకా వెయ్యలేదు కదా?

కాలర్ (పర్లాకిమిడి): ...వేస్తున్నాను బాబూ. పెరుగన్నంలో అర చెంచా.

డాక్టర్: ఎన్నాళ్ళుగా?

కాలర్ (పర్లాకిమిడి): ఓ పది, పన్నెండు రోజులు అయ్యుంటుంది.

డాక్టర్: అమ్మా, నీళ్ళు పెరిగింది కూడా పది రోజుల్నించే అన్నారు.

కాలర్ (పర్లాకిమిడి): అవును కదా... కానీ అది మందు కాదు బాబూ, పొడి.

డాక్టర్: ఒంట్లోకి వెళ్ళి ఏదైనా మార్చేదంతా మందేనమ్మా. నేను మూలికలకి శత్రువుని కాదు. మా ఇంట్లో కషాయం తాగే పెరిగాను. నాకు కావాల్సింది అందులో ఏముందో. డబ్బా మీద ఏం రాసుంది?

కాలర్ (పర్లాకిమిడి): ఒడియాలో ఉంది బాబూ, నాకు మాట వచ్చు గానీ చదవడం రాదు. అశ్వగంధ అని నోటితో చెప్పాడు.

డాక్టర్: అశ్వగంధ ఒక్కటే అయితే, ఈ జబ్బులో ట్రైలోస్టేన్‌కి బదులు నిలబడుతుందని గట్టి రుజువు లేదు. పైగా డాక్టరుకి చెప్పకుండా కలిపితే తర్వాత రక్త పరీక్షలో వచ్చిన అంకె దేనివల్ల వచ్చిందో ఎవరికీ తెలీదు. ఎవరిచేతనైనా డబ్బా చదివించి మళ్ళీ ఫోన్ చెయ్యండి. ఈలోగా పొడి వెయ్యకండి. క్యాప్సూల్ మాత్రం అన్నంతో కలిపి ఇవ్వండి, ఖాళీ కడుపున సరిగ్గా ఒంటబట్టదు.

కాలర్ (పర్లాకిమిడి): అన్నంతోనే బాబూ. మా పెద్దమ్మాయి ఐదో నెల, పుట్టింటికొచ్చింది, అదే క్యాప్సూల్ విప్పి పొడి అన్నంలో కలిపి పెడుతోంది.

డాక్టర్: అయ్యో, వద్దమ్మా! కడుపుతో ఉన్నవాళ్ళు ఆ మందు ముట్టుకోకూడదు. హార్మోన్ల తయారీనే ఆపే మందు అది. క్యాప్సూల్ అసలు విప్పకూడదు, ముద్ద మధ్యలో పెట్టి అలాగే ఇవ్వాలి, ఇచ్చాక చేతులు కడుక్కోవాలి. ఇవాళ్టి నుంచి మీరే ఇవ్వండి. అమ్మాయి గురించి కంగారుపడకండి గానీ ఆమెని చూసే డాక్టరుకి ఈ సంగతి చెప్పండి.

కాలర్ (పర్లాకిమిడి): అలాగే బాబూ. అయితే మరి ఆ క్యాప్సూల్ మానెయ్యనా, ఉంచనా?

డాక్టర్: ఉంచండమ్మా. పొడి మానండి, క్యాప్సూల్ ఉంచండి.

యాంకర్: డబ్బా చదివించి మళ్ళీ చెయ్యండమ్మా. రాయగడ నుంచి కాల్.

కాలర్ (రాయగడ): సార్, ఇందాక స్టెరాయిడ్ అన్నారు కదా. మా పగ్‌కి దురద. మెడికల్ షాపతను ప్రెడ్నిసొలోన్ ఇచ్చాడు, వేస్తే రెండు రోజుల్లో తగ్గిపోయేది. అలా ఏడాదిగా రోజూ ఒకటి వేస్తున్నాం, మధ్యలో రెండు, మూడుసార్లు సూది కూడా వేయించాం. ఇప్పుడు ఆ అమ్మ గారు చెప్పినట్టే బొజ్జ, జుట్టు ఊడటం. ఇవాళే మాత్ర ఆపేసి ట్రైలోస్టేన్ మొదలుపెట్టేస్తాను.

డాక్టర్: రెండూ చెయ్యకండి! నిదానంగా వినండి. మీ కుక్కకి కార్టిసాల్ లాంటి మందు ఏడాదిగా బయటి నుంచి అందుతోంది, అందుకని దాని అడ్రినల్ కూలీలు పని మానేసి నిద్రపోయారు. ఇవాళ మాత్ర ఉన్నట్టుండి ఆపేస్తే లోపలా లేదు, బయటా లేదు, కుక్క కుప్పకూలుతుంది. దాని మీద ట్రైలోస్టేన్ కూడా వేస్తే నిద్రపోతున్నవాళ్ళ చేతులు కట్టేసినట్టు. చచ్చిపోతుంది సార్, మెత్తగా చెప్పలేను. డాక్టరు పర్యవేక్షణలో వారాల మీద కొంచెం కొంచెంగా డోసు తగ్గించాలి. చెవి చుక్కలు, ఆయింట్‌మెంట్లు ఏవి వాడారో అవి కూడా చూపించండి, వాటిల్లోనూ స్టెరాయిడ్ ఉంటుంది. మంచి వార్త ఏంటంటే ఈ రకం, స్టెరాయిడ్ పోయాక చాలావరకు సర్దుకుంటుంది. రాయగడ నుంచి గరివిడి పశువైద్య కళాశాల మీకు రైలు దారే, ఫోన్ చేసి కనుక్కుని వెళ్ళండి. దురద ఎందుకొచ్చిందో, పేలా, గజ్జా, తిండా, అది తేల్చకుండా ఏడాది మాత్ర వేయించిన...

యాంకర్: సార్, లైన్లో చాలామంది ఉన్నారు. ఇచ్ఛాపురం నుంచి, త్వరగా చెప్పండి.

కాలర్ (ఇచ్ఛాపురం): సార్, మా డాష్‌హండ్‌కి స్కానింగ్‌లో కుడి అడ్రినల్‌లో గడ్డ అన్నారు. హోమియో చుక్కలతో కరిగిపోతుందని...

డాక్టర్: కరగదు. అడ్రినల్ గడ్డల్లో సుమారు సగం క్యాన్సర్ గడ్డలే. ఎక్కడికీ పాకకపోతే ఆపరేషన్‌తో పూర్తిగా నయమయ్యే అవకాశం ఉంది, కానీ తేలిక ఆపరేషన్ కాదు, రక్తం గడ్డలు కట్టే ప్రమాదం ఉంటుంది, చేసి అలవాటున్నవాళ్ళే చెయ్యాలి. చుక్కలతో మూడు నెలలు పోగొట్టుకుంటే ఆ అవకాశం... హలో?

యాంకర్: లైన్ కట్ అయింది. గుణుపురం కాలర్.

కాలర్ (గుణుపురం): నమస్కారమండీ. మాది ఊరకుక్కే, 14 ఏళ్ళు. పళ్ళకని తీసుకెళ్తే రక్తంలో ఏఎల్‌పీ అని లివరు ఎంజైమ్ ఎక్కువుంది, కుషింగ్స్ కావచ్చన్నారు. కానీ నీళ్ళు మామూలే, జుట్టు బానే ఉంది, తిని పడుకుంటుంది. ఈ వయసులో దాన్ని సూదులతో హింస పెట్టాలా అని మా ఆవిడ ఏడుస్తోంది.

డాక్టర్: ఆవిణ్ణి ఏడవొద్దనండి. లక్షణాలు లేని కుక్కకి ఒక్క రక్తం అంకె చూసి ఈ మందు మొదలుపెట్టకూడదు. పిట్యూటరీ రకంలో మాత్రలు గడ్డని తియ్యవు, కార్టిసాల్‌ని అదుపులో పెట్టి కుక్కకి సుఖమిస్తాయి, అంతే. బాధ లేనప్పుడు ఆగొచ్చు. అప్పుడప్పుడు బీపీ, మూత్రంలో ప్రొటీన్ చూపిస్తూ ఉండండి. హోలిస్టిక్ అని, అంటే మందొక్కటే కాదు మొత్తం ఒంటిని చూసుకోవాలని, జనం అనేదాంట్లో నాకు నచ్చేది ఇక్కడ పనికొస్తుంది. నూనె, మాంసం కొవ్వు తగ్గించండి, ఈ జబ్బులో పాంక్రియాస్ వాచే ప్రమాదం ఉంటుంది. నున్నటి గచ్చు మీద జారకుండా గోనెపట్టా పరవండి. పొద్దున్నా సాయంత్రం దాని నడకకి తగ్గట్టు కాస్త తిప్పండి.

కాలర్ (గుణుపురం): అవిసె గింజలు, మెలటోనిన్ అని విన్నాం...

డాక్టర్: కొందరు డాక్టర్లు తేలిక కేసుల్లో ఆ రెండూ ఇస్తారు. పెద్దగా హాని లేదు, రుజువు కూడా పెద్దగా లేదు. అవిసెలో పనికొస్తాయనే లిగ్నాన్లు అనే పదార్థాలు పొట్టులో ఉంటాయి, నూనెలో కాదు, నూనె పోస్తే కొవ్వు పెరగడమే. మెలటోనిన్ మనుషుల తీపి బిళ్ళలు కొనకండి, కొన్నింట్లో చక్కెరకి బదులు వేసే జైలిటాల్ ఉంటుంది, అది కుక్కకి విషం.

కాలర్ (గుణుపురం): చాలా సంతోషమండీ.

యాంకర్: పర్లాకిమిడి అమ్మ గారు మళ్ళీ లైన్లోకి వచ్చారు.

కాలర్ (పర్లాకిమిడి): బాబూ, ఇందాక ఆ రాయగడ ఆయనకి మాత్ర ఉన్నట్టుండి ఆపొద్దన్నారు. నాకు భయం పట్టుకుంది. నాదీ ఆపకూడదా ఎప్పుడూ?

డాక్టర్: ఆయనది వేరు, మీది వేరు తల్లీ. ఆయన కుక్క తింటున్నది స్టెరాయిడ్, అది ఉన్నట్టుండి ఆపకూడదు. మీ పింకీది ఒంట్లో కార్టిసాల్‌ని తగ్గించే మందు. పింకీ వాంతి చేసుకున్నా, తిండి మానేసినా, కాళ్ళు తేలేసినా, వణికినా, ఆ రోజు క్యాప్సూల్ వెయ్యకండి, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. కార్టిసాల్ మరీ పడిపోయిందన్నమాట. ఆ మందు పని ఒక రోజు కూడా పూర్తిగా ఉండదు, అందుకని ఆపితే తిరిగి కోలుకునే వీలుంటుంది. బాగా తింటూ తిరుగుతుంటే మాత్రం మానకండి.

కాలర్ (పర్లాకిమిడి): తింటోంది బాబూ, తోక ఊపుతోంది. ఇదిగో, పక్కింటి పాప తొమ్మిదో తరగతి, ఒడియా మీడియం, చదువుతుంది వినండి. చదువమ్మా.

పాప గొంతు: అశ్వగంధా... హళది... గుళుచి... జష్టిమధు...

డాక్టర్: ఆగు పాపా. నాలుగోది మళ్ళీ?

పాప గొంతు: జష్టిమధు.

డాక్టర్: యష్టిమధు. మన అతిమధురం అమ్మా. దగ్గుకి నోట్లో వేసుకుని చప్పరించే తియ్యటి వేరు. అందులో ఉన్న పదార్థం, కిడ్నీలో కార్టిసాల్‌ని చల్లార్చే ఎంజైమ్‌నే ఆపేస్తుంది. మనం ఒక పక్క కార్టిసాల్ తగ్గించడానికి క్యాప్సూల్ వేస్తూ, రెండో పక్క ఉన్న కార్టిసాల్‌కి బలం ఇస్తున్నాం. బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. మీ గిన్నె ఖాళీ అవడానికి ఇదే కారణమని ఇక్కడ కూర్చుని తేల్చలేను, డోసు చాలకపోయినా అలా అవుతుంది. కానీ ఇది ముందు ఆపాలి.

కాలర్ (పర్లాకిమిడి): ఏ నష్టం లేదన్నాడు బాబూ వాడు.

డాక్టర్: మంచి మనసుతోనే ఇచ్చుంటాడు, తిట్టకండి. డబ్బా పారెయ్యకండి, డాక్టరుకి చూపించాలి. రేపే వెళ్ళి సోడియం, పొటాషియం, బీపీ చూపించండి. కార్టిసాల్ పరీక్ష ఎప్పుడో ఆయన చెప్తారు, ఆ రోజు క్యాప్సూల్ ఎన్ని గంటలకి వేశారో కాగితం మీద రాసి తీసుకెళ్ళండి. ఇవాళ్టి నుంచి నీళ్ళు లీటరు సీసాతో కొలిచి పొయ్యండి, రోజూ రాయండి.

కాలర్ (పర్లాకిమిడి): రాత్రి గిన్నె తీసెయ్యనా?

డాక్టర్: వద్దమ్మా, గిన్నె ఉంచండి.

కాలర్ (పర్లాకిమిడి): ఉంచుతాను బాబూ. మరి ఉంటాను.

యాంకర్: సమయం అయిపోయింది. లైన్లో ఉండిపోయినవాళ్ళు వచ్చే వారం ఇదే సమయానికి చెయ్యండి. డాక్టర్ గారికి ధన్యవాదాలు, నమస్కారం.