బాహుదా మొగ దగ్గర ఒకే కుంచం

వేదిక మీది పెద్దలకు, గ్రంథాలయం కమిటీ వాళ్లకు, ముందు వరసలో కూర్చున్న మా హైస్కూలు పిల్లలకు, చేపల వేట మానుకొని సునాపూర్ నుంచి, డొంకూరు నుంచి వచ్చిన అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం. బరంపురంలో తెలుగులో మాట్లాడమని పిలిస్తే నేను రాకుండా ఉండలేను. మా అమ్మ పుట్టిల్లు ఇచ్ఛాపురం, మా అత్తవారిల్లు ఇక్కడ. 1936లో ఒడిశాని వేరు చేస్తూ గంజాం జిల్లాను చీల్చి గీత గీసినప్పుడు మా చుట్టాలు సగం అటు, సగం ఇటు అయిపోయారు. ఈ మాట ప్రతి సభలోనూ చెబుతానని మీకు తెలుసు, ఇవాళ మాత్రం దీనితో పని ఉంది.

కరపత్రంలో నా అంశం సముద్రతీర పరిశుభ్రత అని వేశారు. నేను ఒడ్డు ఇసుకలో ప్లాస్టిక్ ముక్కల కొలత గురించి మాట్లాడతాను, కమిటీ వాళ్లు ఏమీ అనుకోవద్దు.

రెండేళ్ల కిందట పిల్లలతో బాహుదా నది సముద్రంలో కలిసే మొగకి వెళ్లాను. పోటు వెనక్కి పోయేటప్పుడు చెత్తంతా ఒక గీతలా వదిలేసి పోతుంది కదా, సరుగుడు ఆకులు, పీత గుల్లలు, నీలం రంగు వలదారం తుంపులు, సగ్గుబియ్యం అంత థర్మోకోల్ పూసలు. ఆ గీత మీద అర మీటరు చట్రం పెట్టి, స్టీలు గరిటెతో పైపైన ఇసుక తీశాం. అక్కడ వల బాగుచేసుకుంటున్న ఒక మావయ్య "ఏటమ్మా, మా యింటి ముందర ఇసక ఎక్కడికి పట్టుకెళ్తన్నారు?" అని అడిగాడు. లెక్కపెట్టడానికి మావయ్యా, ఫలితం వచ్చాక వచ్చి చెబుతాను అన్నాను. మాటిచ్చాను, గుర్తుపెట్టుకోండి.

ఆ ఇసుకని బాగా కలిపి రెండు గాజు సీసాల్లో పోశాం. ఒకటి ఆంధ్ర వైపు ఒక ల్యాబ్‌కి, ఒకటి ఒడిశా వైపు ఒక ల్యాబ్‌కి పంపాం. ఒకే ఇసుక, ఒకే రోజు, ఒకే చట్రం. నెలల తర్వాత రిపోర్టులు వచ్చాయి. ఒకరు చదరపు మీటరుకు ఇన్ని ముక్కలని రాశారు, ఇంకొకరు కిలో పొడి ఇసుకకు ఇన్ని అని. ఒకరి జల్లెడ కన్ను ఒక మిల్లీమీటరు, ఇంకొకరిది 0.3 మిల్లీమీటరు. ఒకరు దారపు పోగుల్ని లెక్కలో వేశారు, ఇంకొకరు వదిలేశారు. రెండు కాగితాలూ బల్ల మీద పక్కపక్కన పెట్టుకొని రాత్రంతా కూర్చున్నాను, దేన్ని దేనితో పోల్చాలో తేలలేదు. ఫోన్ చేస్తే ఇద్దరూ మర్యాదగానే చెప్పారు, మా పద్ధతి ఇదేనండీ అని. ఇద్దరిలో ఎవరూ తప్పు చెప్పలేదు. నా బాధ అదే. ఆ మావయ్యకి ఇప్పటికీ నా దగ్గర చెప్పడానికి ఒక అంకె లేదు.

మా అమ్మ చెప్పేది, తన చిన్నప్పుడు ధాన్యం ఇంటికొచ్చిన రోజున గొడవ లేకుండా ఉండేది కాదట. కొలిచినవాడి కుంచం వేరు, కొనుక్కున్నవాడి కుంచం వేరు. 1956లో తూనికలు, కొలతల చట్టం చేసి దేశమంతా కిలోల్లోకి వచ్చాక ఆ గొడవ పోయింది. ఇసుకలో ప్లాస్టిక్ విషయంలో మనం ఇంకా ఆ కుంచాల రోజుల్లోనే ఉన్నాం.

సంగతి కొత్తదేం కాదు. ఐదు మిల్లీమీటర్ల కంటే చిన్న ముక్కల్ని మైక్రోప్లాస్టిక్ అంటాం. ఇంగ్లండులో రిచర్డ్ థాంప్సన్ బృందం 2004లో ఆ పేరుతో రాసినప్పటి నుంచి అందరి నోటా ఉంది. ఐక్యరాజ్య సమితి సంస్థల ఉమ్మడి నిపుణుల బృందం గెసాంప్ 2019లో ఎలా కొలవాలో పుస్తకమే వేసింది. 2023లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌ఓ ప్రమాణం కూడా వచ్చింది. కాగితం మీద ఉన్నది మన మొగ దాకా రావాలి, అంతే.

అసలు సముద్రానికి 1936 గీత తెలుసా? వేసవిలో తీరం వెంట ప్రవాహం ఉత్తరానికి పోతుంది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి తిరుగుతుంది. ఆంధ్రలోని డొంకూరులో తెగిన వలదారం ఒడిశాలోని గోపాల్‌పూర్‌లో తేలుతుంది, గోపాల్‌పూర్‌లో పారేసిన కవరు ఆంధ్రలోని బారువ ఒడ్డుకి చేరుతుంది. ముక్క ఒకటే, లెక్కలు రెండు!

మనకి లెక్క చేతకాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. రుషికుల్యా మొగ దగ్గర తాబేళ్లు గుడ్లు పెడితే ఎలా లెక్కపెడుతున్నారు? ఇసుక మీద పట్టీలు గుర్తుపెట్టుకొని, వాటిలో గుడ్లు పెడుతున్నవాటిని లెక్కించి, మొత్తం ఒడ్డుకి అంచనా కడతారు. అందుకే 2025లో దాదాపు 7 లక్షలు వచ్చాయంటే మనం నమ్మాం, అంతకుముందు సంవత్సరాలతో పోల్చాం. తాబేలుకి చేసినది ప్లాస్టిక్ ముక్కకి ఎందుకు చేయలేం?

ఇదిగో, ఈ రెండు గ్లాసులూ చూడండి. వెనక ఉన్నవాళ్లు ముందుకి రండమ్మా, మొహమాటం వద్దు. రెండిట్లోనూ ఇక కరగనంత ఉప్పు వేసిన నీళ్లు. ఇందులో మంచినీళ్ల సీసా మూత ముక్క వేస్తున్నాను, తేలింది. వల నైలాన్ ముక్క, అదీ తేలింది. ఇప్పుడు రెండో గ్లాసులో అదే సీసా ఒళ్లు కత్తిరించిన ముక్క. తడిపి వేశాను, చూడండి, అడుక్కి పోయింది. ఉప్పునీళ్ల సాంద్రత 1.2, సీసా ప్లాస్టిక్‌ది 1.38. ఇసుకని ఉప్పునీళ్లలో కలిపి పైకి తేలినవే లెక్కపెట్టే చోట సీసా ముక్కలన్నీ ఇసుకతో పాటు అడుగునే ఉండిపోతాయి. జింక్ క్లోరైడ్ ద్రావణం వాడితే అవీ తేలుతాయి, కానీ దానికి ఖర్చు ఎక్కువ, పారబోయడం కూడా ప్రమాదం. ఏది వాడినా సరే, ఏది వాడారో రాయాలి, రెండు వైపులా అదే వాడాలి.

ఇంకో తప్పు మా వల్లే జరిగింది, అదీ చెప్పాలి. ఒకసారి భూతద్దం కింద అన్నీ గులాబీ రంగు పోగులే కనిపించాయి. పిల్లలు సంబరపడ్డారు. తీరా చూస్తే అవి ఇసుక జల్లించిన అమ్మాయి చున్నీ పోగులు. ఆ సీసా మొత్తం పక్కన పెట్టేశాం. అప్పటి నుంచి పక్కన ఒక ఖాళీ పళ్లెం పెడుతున్నాం, గాలిలోంచి, బట్టల్లోంచి దానిలో ఎన్ని పోగులు పడ్డాయో చూసి రాసుకుంటున్నాం.

ఇదంతా చదువుకున్నవాళ్ల గోల అనుకోవద్దు అన్నయ్యా. 2025 మే నెలలో కొచ్చి దగ్గర ఎంఎస్‌సి ఎల్సా 3 ఓడ మునిగితే ప్లాస్టిక్ గుళికలు కేరళ నుంచి తమిళనాడు దాకా ఒడ్డున పడ్డాయి. మనకి పక్కనే గోపాల్‌పూర్ రేవు ఉంది. రేపు మన ముందు అలాంటిది జరిగి వేట ఆగిపోతే, నష్టం అడగడానికి వెళ్లినప్పుడు మొదటి ప్రశ్న ఏమిటి? ముందు ఎంత ఉండేది? దానికి జవాబు ఇప్పుడే, ఒకే పద్ధతిలో రాసి పెట్టుకోవాలి.

నా టైము అయిపోయిందని చీటీ వచ్చింది, ఒక్క నిమిషం. వచ్చే అమావాస్య మర్నాడు ఉదయం, పోటు దిగాక, బాహుదాకి రెండు ఒడ్డుల మీదా ఇసుక తీస్తాం. అటువైపు బడి పిల్లలు, ఇటువైపు బడి పిల్లలు, ఒకే చట్రం, ఒకే జల్లెడలు, కిలో పొడి ఇసుకకు ఎన్ని అనే లెక్క. మూడు నెలలకోసారి అక్కడే. మీరు మూత ఉన్న గాజు సీసా, స్టీలు గరిటె తెచ్చుకోండి. నూలు బట్టలు కట్టుకొని రండి. డొంకూరు వాళ్లు ఆ మావయ్యకి కూడా చెప్పండి, ఈసారి లెక్కపెట్టేటప్పుడు ఆయన్ని పక్కనే కూర్చోబెట్టుకుంటాను.