తాడ్వాయి అడవిలో ఒక సాయంత్రం

హోస్ట్: నమస్తే. మేడారం జాతరకి ములుగు జిల్లా తాడ్వాయి మీదుగా వెళ్లినవాళ్లకి ఆ రోడ్డు గుర్తుండే ఉంటుంది. రెండు పక్కలా ఏటూరునాగారం అభయారణ్యం, చల్లటి నీడ. 2024 ఆగస్టు 31 సాయంత్రం అక్కడ ఒక సుడిగాలి వచ్చింది. దాదాపు 200 హెక్టార్లు, అంటే 500 ఎకరాల అడవి నేలకొరిగింది. 50 వేల చెట్లు పడ్డాయని మొదటి అంచనా. అడవుల మీద పనిచేసే అక్క ఇవాళ మనతో ఉన్నారు. అక్కా, అన్ని చెట్లు ఒక్కసారే ఎలా పడ్డాయి?

అతిథి: గాలి బలం సరే. దానికి తోడు అక్కడ చెట్ల వేర్లు లోతుకి దిగలేదని అప్పట్లోనే అటవీ అధికారులు చెప్పారు. పైగా ఆగస్టు చివర. వానకి నేల నానిపోయి ఉంది, కొమ్మల నిండా ఆకు. అదే ఏప్రిల్ అయితే టేకుకి ఆకే ఉండదు, గాలి కొమ్మల సందుల్లోంచి పోతుంది. ఒక చెట్టు కూలితే పక్కదాన్నీ లాక్కుని పడుతుంది.

హోస్ట్: అదే రోజుల్లో విజయవాడలో బుడమేరు, ఖమ్మంలో మున్నేరు. ఈ వార్త ఆ వరదలో కొట్టుకుపోయింది. డ్రోన్ ఫొటోలు చూసి నేనైతే ఆ అడవి పని అయిపోయిందనుకున్నా.

అతిథి: పైనుంచి చూస్తే అలాగే ఉంటుంది. ఈ అడవుల్లో పైన టేకు, నల్లమద్ది, వాటి కింద తునికి, ఇంకా కింద వెదురు, పొదలు, గడ్డి. అంతస్తులన్నమాట. పై అంతస్తు లేచిపోతే ఎండ నేల దాకా దిగుతుంది. నీడలో జానెడు ఎత్తు దగ్గరే ఆగిపోయిన మొక్కలు ఒక్కసారిగా సాగుతాయి. టేకు మొక్కకి ఎండే కావాలి, పెద్ద చెట్ల నీడలో అది ఎదగదు.

హోస్ట్: గడ్డి కూడా వస్తుంది కాబట్టి దుప్పులకి పండగే!

అతిథి: అంత తొందరొద్దు. చుక్కల దుప్పి గడ్డికి వస్తుంది, కానీ దుంగల మధ్య పరిగెత్తలేదు. చిరుతో రేచుకుక్కలో వస్తే ఎటు పోతుంది? అందుకే అంచుల్లో మేస్తుంది. కణితికి, అంటే సాంబర్ దుప్పికి, మేతతో పాటు దాక్కోడానికి గుబురు కావాలి. ఖాళీ జాగా, గుబురు పక్కపక్కనే ఉంటే దానికి హాయి. కొమ్మల మీదుగా తిరిగే కొండముచ్చులకి మాత్రం దారి తెగిపోయినట్టే. తొర్రల్లో గూడు పెట్టే చిలకలు, హార్న్‌బిల్‌లు కూడా నష్టపోతాయి. తొర్ర పడేంత ముదురు చెట్టు మళ్లీ రావాలంటే దశాబ్దాలు పడుతుంది.

హోస్ట్: మరి అంత కలప ఊరికే కుళ్లిపోవాల్సిందేనా? అమ్మితే కోట్లు కదా అని చాలామంది అడిగారు.

అతిథి: ఆ ప్రశ్నకి నాకు కొంచెం కోపం వస్తుంది. అభయారణ్యంలో పడిన చెట్టైనా సరే, 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం ఇష్టమొచ్చినట్టు తీసుకుపోవడానికి లేదు. వన్యప్రాణుల మేలు కోసం అవసరమని తేలితేనే అనుమతి. చట్టం సంగతి పక్కన పెట్టు. వేర్లతో సహా లేచిన చెట్టు కింద ఒక గొయ్యి పడుతుంది కదా, వానాకాలం అందులో నీళ్లు నిలుస్తాయి, కప్పలు చేరతాయి. దుంగలో పురుగులు, చెదలు. వాటి కోసం వడ్రంగిపిట్టలు. కొమ్మల గుట్ట మధ్య మొలిచిన మొక్కని పశువు మేయలేదు, ముళ్ల కంచె వేసినట్టే. ఇక విరిగి నిలబడ్డ మోడు ఉందే, అది రేపు గుడ్లగూబకి ఇల్లు. జేసీబీ పెట్టి చదును చేసి, వరసలుగా ఒకే రకం మొక్కలు నాటితే ఇవేవీ ఉండవు. అన్నీ ఒకే వయసు చెట్లు, మళ్లీ గాలొస్తే మళ్లీ అంతే.

హోస్ట్: అయితే అలాగే వదిలేయాలా?

అతిథి: పూర్తిగా వదిలేస్తే రెండు భయాలు. ఒకటి లాంటానా అనే కలుపు పొద. ఎండ తగలగానే అది ముందు వచ్చి కూర్చుంటుంది, కింద ఏదీ మొలవనివ్వదు. దాన్ని వేర్లతో సహా పీకాల్సిందే. రెండోది నిప్పు. ఎండాకాలం ఇప్పపువ్వు ఏరడానికి చెట్టు కింద ఆకు కాలుస్తారు. మామూలు అడవిలో ఆ మంట రాలిన ఆకులు కాల్చుకుంటూ పోతుంది, ముదురు టేకు తట్టుకుంటుంది. ఎండిన దుంగలకి అంటుకుంటే మాత్రం రోజుల తరబడి ఒకే చోట రగులుతుంది. నేలలో ఉన్న విత్తనాలు కూడా మాడిపోతాయి. కాబట్టి దుంగలు ఉంచి, వాటి మధ్య మంట దాటకుండా ఫైర్ లైన్లు, అంటే ఆకూ గడ్డీ తీసేసిన ఖాళీ పట్టీలు, కొట్టాలి. ఖర్చు పెట్టాల్సింది అక్కడ.

హోస్ట్: అదే ఏడాది డిసెంబర్ 4న ములుగులో భూకంపం కూడా వచ్చింది, 5.3 తీవ్రతతో. ఈ రెంటికీ లింకు పెట్టి వాట్సాప్‌లో ఎన్ని కథలో!

అతిథి: నాకూ వచ్చాయి. గాలి గాలే, భూకంపం భూకంపమే.

హోస్ట్: ఈసారి నన్నూ తీసుకెళ్లండక్కా. మార్చిలో?

అతిథి: మార్చిలో వద్దు, అక్కడి సిబ్బంది అంతా మంటల వెనక పరిగెడుతుంటారు. జూలైలో రా, అనుమతి సంగతి నేను చూస్తా. గోతుల్లో కప్పలు అరుస్తుంటాయి.

హోస్ట్: దుంగల్లో పాములు?

అతిథి: కప్పలుంటే పాములు రాకుండా ఎలా ఉంటాయి? బూట్లు వేసుకో.